డబ్బాలకు బదులు చెప్పిన మనిషి

కంప్యూటర్ తెర మీద ఏ చిన్న కిటికీ లేచినా ఆయన దాన్ని పైకి చదివేవాడు. పైన పట్టీ మీద ఉన్న పేరు దగ్గర మొదలుపెట్టి అడుగున బొత్తాం మీద ఉన్న 'ఓకే' దాకా ఒక్క అక్షరం వదిలేవాడు కాదు. జగదల్‌పూర్ ఐటీఐలో నేర్చుకున్న ఇంగ్లీషును హిందీ చదివినట్టు విరిచి విరిచి చదివేవాడు. చదివాక దానికి జవాబు కూడా చెప్పేవాడు. 'ఆర్ యూ ష్యూర్' అని అది అడిగితే, "ష్యూర్ గాకపోతే ఎందుకొస్త నాయనా ఇంత పొద్దుగాల?" అని, అప్పుడు మీట నొక్కేవాడు. లోడింగ్ ప్లాంట్ కంట్రోల్ రూంలో మిగతావాళ్లు నవ్వేవాళ్లు. ఆయన నవ్వేవాడు కాదు.

పోయిన వారం ఆయన చనిపోయాడు. కిరండూల్ ఇనుపరాయి గనిలో నాతో పాటు పనిచేసిన మిత్రుడొకాయన ఫోన్ చేసి చెప్పాడు. "మన దాదా పోయాడండీ. అదే, డబ్బాలు చదివే దాదా" అన్నాడు. బస్తర్‌లో పెద్దవాళ్లను దాదా అని పిలుస్తారు. ప్లాంటులో ఆయన అందరికీ దాదాయే. తెర మీద లేచే కిటికీని ఆయన డబ్బా అనేవాడు. ఆ డబ్బాలను తయారుచేసిన వాణ్ని నేను. ఆయన గురించి రాస్తే నా గురించి కూడా రాయాల్సి వస్తుంది. అందుకే ఇన్నేళ్లు రాయలేదు.

గని కాలనీలో కంప్యూటర్ సెక్షన్ అంటే ఆ రోజుల్లో నలుగురం. నేను విజయనగరం వైపు నుంచి వెళ్లాను. స్టోర్స్‌కు ఒకటి, ఆసుపత్రికి ఒకటి, ల్యాబ్‌కు ఒకటి, గూడ్సు బండి నింపే లోడింగ్ ప్లాంటుకు ఒకటి, ఇలా తలా ఒక ప్రోగ్రాం రాస్తూ ఉండేవాళ్లం. పని చేసేవాడికి ఏదైనా చెప్పాల్సి వచ్చినప్పుడు తెర మీద లేపే కిటికీని ఒక్కొక్కరం ఒక్కో రకంగా రాసేవాళ్లం. ఈ గందరగోళం ఎందుకని, అందరూ వాడుకునేలా ఒకే కోడ్ ముక్క, ఒక ఫంక్షన్, నేను రాసిపెడతానన్నాను.

రాశాను. అది చూసి నాకు చాలా గర్వంగా ఉండేది. ప్రోగ్రాం రాసేవాడు ఒక్క లైను రాసి, చెప్పదలుచుకున్న మాట అందులో పెడితే చాలు. మిగతాదంతా నా కోడ్ చూసుకుంటుంది. కిటికీ తెర మధ్యలో లేస్తుంది. అన్నిటికీ పైన నిలబడుతుంది. ఓకే అనేదాకా వేరే పని చేయనివ్వదు. ఓకే అనగానే ఫలానా మనిషి ఫలానా సమయానికి ఈ మాట చూశాడని కంప్యూటర్‌లోనే ఉండే రిజిస్టర్‌లోకి ఎక్కిపోతుంది. "భలే తేలికండీ" అన్నారు తోటివాళ్లు. తేలిక కావడంతో చెప్పడం ఎక్కువైంది. ఫైలు భద్రపరిచామని ఒక కిటికీ. ప్రింటర్ సిద్ధంగా ఉందని ఒకటి. పొద్దున్నే శుభోదయం అని కూడా ఒకడు పెట్టాడు.

ఆయన మొదటిసారి మా సెక్షన్‌కు వచ్చింది ఆ రోజుల్లోనే. ఇనుపరాయి ధూళితో ఎర్రబడిన చొక్కా, చెవి మీద పెన్సిలు. వాడేసిన షిఫ్టు కాగితాల వెనక వైపు తను చూసిన డబ్బాలన్నీ రాసుకొచ్చాడు. ఏ టైముకు లేచింది, అప్పుడు తను ఏం చేస్తున్నాడు అన్నది కూడా పక్కన రాశాడు.

"నమస్తే సార్. ఈ డబ్బా నాకు చెప్తుందా, మీకు చెప్తుందా?"

కాగితం చూశాను. 'ఆబ్జెక్ట్ వేరియబుల్ నాట్ సెట్' అని ఉంది.

"అది ప్రోగ్రాంలో తప్పు దాదా. ఓకే కొట్టెయ్యండి."

"కొట్టిన. మళ్లొచ్చింది. మళ్ల కొట్టిన. ఇది మీ ఇంటి మాట గదా సార్. నా ఇంటికొచ్చి చెప్పుడేంది?"

"సరే, చూద్దాం."

"ఇంకోటి. ఫైల్ సేవ్డ్ అంట. మంచిదే. దానికి నా చెయ్యి పట్టుకొని ఆపుడెందుకు? మంట అంటుకున్నా ఇదే డబ్బా, చాయ్ వచ్చినా ఇదే డబ్బా. నేను దేనికి ఉరకాలె?"

"అందరికీ ఒకేలా ఉండాలనే అలా చేశాం దాదా."

"అందరంటే ఎవలు సార్?"

నాకు చిరాకేసింది. అందరంటే ఎవరో నాకు తెలుసు. మేం నలుగురం. ఆ ఒక్క లైను రాసుకునేవాళ్లకు సుఖంగా ఉండాలనే ఆలోచించాను. ఆ కిటికీకి ఇవతల కూర్చునేవాడు నా ఆలోచనలో ఎక్కడా లేడు. ఈ మాట ఇప్పుడు ఇంత తేలిగ్గా రాస్తున్నాను గానీ, ఆ రోజు మాత్రం "దాదా, మాకు చాలా పనుంది" అన్నాను. ఆయన కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. మళ్లీ నెలకు కొత్త కాగితాలతో వచ్చాడు. ఆ తర్వాతి నెలా వచ్చాడు. గుమ్మంలో ఆయన చొక్కా కనబడగానే మా వాళ్లలో ఒకడు "వచ్చాడండీ పోస్ట్‌మాన్" అనేవాడు. నేను నవ్వేవాణ్ని.

ఒకసారి ప్రోగ్రాం కొత్త ముక్క ఎక్కించడానికి కంట్రోల్ రూంకు నేనే వెళ్లాల్సి వచ్చింది. కొండ మీద తవ్విన రాయి బెల్టుల మీద కిందికి దిగి, కుప్పలుగా పడి, అక్కడి నుంచి బండి పెట్టెల్లోకి పోతుంది. గది తలుపు వేసినా ఆ బెల్టుల రొద చెవుల్లో నిండిపోతుంది. అక్కడ ఒక పద్ధతి ఉంది. ఫోన్లో ఎవరు ఏం చెప్పినా, విన్నవాడు అదే మాట తిరిగి చెప్పాలి. "నాలుగో బెల్టు బంద్" అంటే ఇవతలివాడు "నాలుగో బెల్టు బంద్" అనాలి. 'సరే', 'ఆఁ' అంటే కుదరదు. తిరిగి చెప్పేదాకా చెప్పినట్టు లెక్కే కాదు. ఆయన ముప్పై ఏళ్లు ఆ పద్ధతిలో బతికాడు. డబ్బాను పైకి చదవడం కూడా అదే. మేం దాన్ని వింత అలవాటనుకున్నాం.

ఆ రోజు బెల్టు మొదలయ్యే ముందు సైరన్ మోగింది. మోగాక కాసేపు ఏమీ జరగలేదు.

"చూసిన్రా సార్?" అన్నాడు ఆయన. "సైరన్ కొట్టంగనే బెల్టు తిప్పం. మనిషి జరగాలె గదా. మీ డబ్బా జరగనీకి టైం ఇయ్యదు. అట్ల లేస్తది, వేలు ఎంటర్ మీదుంటే డబ్బా పోతది. నేను ఏం విన్ననో అడగదు. ఎంటర్ పడితే విన్నడని రాసుకుంటది."

"ఇది బెల్టు కాదు దాదా, సాఫ్ట్‌వేర్" అన్నాను.

ఆ జవాబు నాకు ఎంత నచ్చిందంటే, మధ్యాహ్నం క్యాంటీన్‌లో నలుగురికి చెప్పి నవ్వించాను.

కొన్నాళ్లకు ఒక ఉదయం షిఫ్టులో ఆయన బండి నింపిస్తున్నాడు. పెట్టెల నంబర్లు కాగితం మీద ఉంటాయి. కళ్లు కాగితం మీద పెట్టి, వేళ్లతో నంబరు కొట్టి ఎంటర్, మళ్లీ నంబరు కొట్టి ఎంటర్, అలా వరుసగా ఎక్కించాలి. ఆ మధ్యలో ల్యాబ్ నుంచి ఒక సందేశం బయలుదేరింది. ఆ కుప్పలో రాయి సరైనది కాదు, లోడింగ్ ఆపమని. నా ఫంక్షన్ దాన్ని తెర మధ్యలో లేపింది. నంబరు కోసం ఆయన కొట్టిన ఎంటర్ ఆ కిటికీ మీద పడింది. కిటికీ పోయింది. దాదా చూశాడని రిజిస్టర్‌లోకి ఎక్కింది. బండి మొత్తం ఆ రాయితోనే నిండి విశాఖపట్నం వెళ్లిపోయింది. రేవులో పట్టుకుని గొడవ చేశారు.

విచారణ పెట్టారు. రిజిస్టర్ తెరిచి చూపించారు. ఆయన పేరు, సమయం, 'చూశాడు' అన్న మాట. ఆయన ఒక్కటే అన్నాడు: "నేను చూడలేదు సాబ్. చూస్తే చదువుత. చదివితే రూమంత వినేది. అడగండి వీళ్లను, ఎవలన్న విన్నరా?"

గదిలో నవ్వులు. ఆయన ఇచ్చిన దానికంటే గట్టి సాక్ష్యం ఆ ఫైల్లో ఇంకేదీ లేదు. కానీ దాన్ని ఎవరూ రాసుకోలేదు.

తర్వాత నన్ను పిలిచారు. విచారణ అధికారి హిందీవాడు. "బినా దబాయే బంద్ హోతా హై క్యా?" అని అడిగాడు. నొక్కకుండా కిటికీ దానంతట అది మూసుకుంటుందా అని.

"నహీ సర్" అన్నాను.

అది నిజం. నొక్కకుండా మూసుకోదు. అడిగినదానికి సరిగ్గా అంతే జవాబు చెప్పి, నా కుర్చీలో వెనక్కి ఆనుకున్నాను. చూడకుండా నొక్కడం కూడా కుదురుతుందని దాదా నాకు అంతకు ముందే, సైరన్ మోగిన రోజున, నోటితో చెప్పాడు. ఆ గదిలో ఆ సంగతి ఎరిగినవాళ్లం ఇద్దరమే. ఆయన నా వైపు చూశాడు. నేను రిజిస్టర్ వైపు చూశాను.

రెండ్రోజుల తర్వాత సాయంత్రం మా క్వార్టర్ గేటు దగ్గరకు వచ్చాడు. లోపలికి రమ్మంటే రాలేదు.

"స్టోర్స్‌కు మారుస్తుండ్రంట సార్. మార్చనీ. ఆడ గూడ పనే గదా. గాని సర్వీసు బుక్కుల ఒక మాట రాస్తుండ్రు. చూసి గూడ వదిలేసిండు అని."

ఆయనది తెలుగు నేల సరిహద్దు దగ్గర, కిష్టారం అవతల ఊరు. ఆ ఊరి నుంచి ఆ కంట్రోల్ రూంలో కూర్చున్న మొదటివాడు ఆయన. ఆ మాట ఊరికి చేరిపోయింది.

"ఇంట్ల మా ఆమె గూడ అడుగుతుంది, ఎట్ల మరిచినవ్ అని. నేను మరవలేదు అంటే నమ్ముతలేదు. కంప్యూటర్ల రాసుంది గదా అంటది." గేటు ఊచను గోటితో గీకాడు. "మీరొక కాగితం రాయండి సార్. నేను చూడలేదు అని రాయమనను. అది నా మాట. చూడకుండ గూడ పోయే వీలుంది అని రాయండి. అది మీ మాట."

"చూద్దాం దాదా. ముందు పరీక్ష చేసి చూడాలి."

"చేయండి సార్. చేసి రాయండి."

చేశాను. మర్నాడే నా బల్ల మీద పెట్టెల నంబర్ల కాగితం పెట్టుకుని కొడుతూ కూర్చున్నాను. తోటివాణ్ని పక్క గది నుంచి సందేశాలు పంపమన్నాను. మూడోదో నాలుగోదో నేను చూడకుండానే పోయింది. రిజిస్టర్ తెరిస్తే నేను చూసినట్టే ఉంది. కాగితం తీసి ఒక వాక్యం రాశాను కూడా. తర్వాత ఆలోచించాను. నా ప్రమోషన్ ఇంటర్వ్యూ ఇంకా జరగలేదు. ఆ ఫంక్షన్ గురించే పైవాళ్లు నన్ను మెచ్చుకున్నారు. విచారణ గదిలో 'నహీ' అన్నది కూడా నేనే. కాగితాన్ని సొరుగులో పెట్టాను. వచ్చే వారం ఇద్దామనుకున్నాను. ఆ వచ్చే వారం రాలేదు. కొన్నాళ్లకు చించేశాను. ఎవరో బెదిరిస్తే మానుకున్నానని చెప్పుకోవడానికి కూడా లేదు. ఎవరూ బెదిరించలేదు.

ఆయన స్టోర్స్‌కు వెళ్లిపోయాడు. నేను ఎవరికీ చెప్పకుండా ఫంక్షన్‌ను మొదటి నుంచి మళ్లీ రాశాను. తర్వాత వచ్చినప్పుడు ఆయన వదిలి వెళ్లిన కాగితాలు రెండు నా దగ్గర మిగిలాయి. వాటిని పక్కన పెట్టుకునే రాశాను. ఇప్పుడది వాడే ప్రోగ్రామర్‌ను ప్రశ్నలడుగుతుంది. ఈ మాట ఎవరికి? విని ఏం చేయాలి? దీనికోసం పని ఆపాలా, లేక తెర మూలన కాసేపు కనిపించి పోతే చాలా? పని ఆపే హెచ్చరిక అయితే లేచిన కాసేపటిదాకా ఏ మీటకూ లొంగదు. ఎంటర్‌కు అసలే లొంగదు. ఏ కుప్ప గురించి చెప్పిందో ఆ కుప్ప నంబరు విన్నవాడు తిరిగి కొట్టాలి. అప్పుడే పోతుంది.

మా వాళ్లు విసుక్కున్నారు. "ఒక్క లైను ఉండేదాన్ని ఇంత పురాణం చేశావేంటయ్యా?" అన్నాడొకడు. అన్నీ రాయడానికి బద్ధకించి వాళ్లు కిటికీలు పెట్టడమే తగ్గించారు. శుభోదయం మాయమైంది. ఇంతకన్నా మంచి పని నేను ఉద్యోగంలో ఇంకొకటి చేయలేదు. దానికి నాకు మెచ్చుకోలు పత్రం ఇచ్చారు. అందులో 'స్వయంగా ఆలోచించి రూపొందించిన' అని రాశారు. చప్పట్లు కొట్టారు. నేను వంగి దండం పెట్టాను.

కొత్త ఫంక్షన్ స్టోర్స్ ప్రోగ్రాంలోకి ఎక్కిన వారానికి ఆయన మా సెక్షన్‌కు వచ్చాడు. చేతిలో కాగితాల్లేవు. నలుగురమూ ఉన్నాం.

"సార్, స్టోర్స్‌ల డబ్బా లేచింది. ఎంటర్ కొట్టిన. పోతలేదు."

"కొత్త వర్షన్ దాదా."

"ఆఁ. కొత్తది." నా బల్ల దగ్గరికి జరిగాడు. "పాతది పోయేది గదా."

నేను తెర వైపే చూస్తున్నాను. తెర మీద ఏమీ లేదు.

"మంచిగ చేసిన్రు సార్. తిరిగి చెప్పుమంటుంది." ఆ మెచ్చుకోలులో వెటకారం ఉందేమోనని వెతికాను. లేదు. అది నన్ను మరీ ఇబ్బంది పెట్టింది. "ఇప్పుడన్న ఆ కాగితం రాస్తరా?"

"ఆ ఫైలు మూసేశారు కదా దాదా."

"మూసిన ఫైలు తెరవనీకి బొత్తాం లేదా సార్?"

మా వాళ్లు పకపకా నవ్వారు. నేనూ నవ్వాను. ఆయన అందరి నవ్వూ అయ్యేదాకా ఆగి, నమస్తే పెట్టి వెళ్లిపోయాడు. ఆ తర్వాత మా సెక్షన్ గడప తొక్కలేదు. బజార్లో ఎదురుపడితే "బాగున్నరా సార్" అనేవాడు. నేనే తల తిప్పుకుని కూరగాయలు ఏరేవాణ్ని.

ఆయన రిటైరయ్యే ముందు స్టోర్స్ గుమస్తాను ఒకసారి మాటల మధ్య అడిగాను, దాదా ఇంకా డబ్బాలు చదువుతున్నాడా అని. "లేదండీ. ఇక్కడికి వచ్చాక ఎప్పుడూ వినలేదు. మనసులోనే చదువుకుంటాడు. మా దగ్గర ఆయనంత నిశ్శబ్దంగా పనిచేసేవాడు లేడు" అన్నాడు గుమస్తా. నా కొత్త ఫంక్షన్ ఆయన చేత నంబరు తిరిగి కొట్టించింది. గొంతు మాత్రం తెప్పించలేకపోయింది.

మరణవార్త చెప్పిన మిత్రుణ్ని అడిగి ఆయన కూతురి నంబరు తీసుకున్నాను. ఆమె కోంట దగ్గర బడిలో టీచరు. నిన్న పొద్దున ఫోన్ చేశాను. నేనెవరో చెప్పబోయాను.

"ఆఁ, డబ్బాల సారా?" అంది. "నాన్న చెప్పేటోడు. కొత్త డబ్బా మంచిగ చేసిండు అని."

"ఇంకేమైనా చెప్పేవారా అమ్మా?"

"ఇంకేం చెప్పలేదు సార్. పని సంగతులు ఇంట్ల మాట్లాడుడు బంద్ చేసిండు గదా."

అప్పుడు చెప్పాను. ఎంటర్ సంగతి, విచారణ సంగతి, చించేసిన కాగితం సంగతి. ఆమె అంతా వింది. అయిపోయాక అడిగింది.

"అంటే మీకు అప్పుడే తెలుసా సార్?"

"తెలుసు."

"మీకు తెలుసని నాన్నకు తెలుసా?"

"తెలుసమ్మా."

వెనక ఎవరో గిన్నెలు సర్దుతున్న చప్పుడు వినిపించింది. క్షమించమని అడుగుదామని మాటలు కూర్చుకుంటున్నాను. నేను నోరు తెరిచేలోగా ఆమే మాట్లాడింది.

"మేము ఇన్నేండ్లు నాన్ననే మరిచిండనుకున్నం సార్. అమ్మ ఎన్నిసార్లు అన్నదో ఆయనను. పండక్కు ఊరికి పోతే ఆడ గూడ అన్నరు. ఆయన తల వంచుకొని తినేటోడు. నాకు చెప్తే ఏమొస్తది సార్? ఉండండి, అమ్మకు ఇస్త. ఆమెకు మీరే చెప్పండి."

వద్దని అనబోయాను. ఆమె అప్పటికే ఫోన్ పట్టుకుని నడుస్తోంది. తలుపు గొళ్లెం తీసిన చప్పుడు, "అమ్మా, కంప్యూటర్ల పనిచేసిన సారు" అన్న మాట వినిపించాయి. చాలాసేపటికి ఒక ముసలి గొంతు దగ్గరగా వచ్చింది.

"ఎవలు?"

పేరు చెప్పాను. ఆ పేరు ఆమెకు తెలియదు. "మీ ఆయన ఆ రోజు ఏమీ మరిచిపోలేదమ్మా" అని మొదలుపెట్టాను.